సెలైన్ ఎక్కుతున్నా బి.పి. ఎందుకు పెరగదు?

"సెలైన్ సీసాలు ఎక్కుతూనే ఉన్నాయి, అయినా బి.పి. పెరగడం లేదేమిటి?" అని ఐ.సి.యు. బయట కూర్చున్న కుటుంబాలవారు మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. "ఇన్ఫెక్షన్‌కి స్టెరాయిడ్ ఇస్తారా? ప్రమాదం కాదా?" అని మరికొందరు భయపడతారు. రెండూ అడగవలసిన ప్రశ్నలే. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే రెండు చిన్న గ్రంథుల గురించి తెలుసుకుంటే ఈ రెండింటికీ జవాబు దొరుకుతుంది.

సెప్టిక్ షాక్ అంటే ఏమిటి?

న్యుమోనియా, మూత్రంలో ఇన్ఫెక్షన్, షుగరు ఉన్నవారి కాలి పుండు – ఇలా ఎక్కడ మొదలైన ఇన్ఫెక్షన్ అయినా ముదరవచ్చు. దానితో శరీరం చేసే పోరాటం అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బ తీస్తే దానిని సెప్సిస్ అంటాము. ఇంకా ముదిరితే రక్తనాళాలు వదులైపోతాయి, వాటి గోడల నుండి నీరు బయటికి ఊరుతుంది. మోటారు తిరుగుతున్నా పైపు సాగిపోయి చిల్లులు పడితే చివరి మడికి నీరు అందదు కదా! అలాగే మెదడుకు, మూత్రపిండాలకు రక్తం చాలదు. అప్పుడు సెలైన్‌తో పాటు, రక్తనాళాలను బిగించే నార్‌అడ్రినలిన్ మందును కూడా ఎక్కిస్తాము.

అడ్రినల్ గ్రంథుల పని

ఒక్కో గ్రంథి బరువు 4, 5 గ్రాములే. అవి చెడిపోతే మనిషి నీరసించి చివరికి ప్రాణం పోతుందని ఇంగ్లండు వైద్యుడు థామస్ ఆడిసన్ 1855లో వివరించారు. ఈ గ్రంథులు తయారుచేసే కార్టిసాల్ ఉంటేనే రక్తనాళాలు నార్‌అడ్రినలిన్‌కు సరిగా స్పందిస్తాయి. పెద్ద జబ్బు వచ్చినప్పుడు మామూలుగా కార్టిసాల్ బాగా పెరుగుతుంది. కాని సెప్టిక్ షాక్‌లో కొందరికి అవసరానికి తగినంత తయారు కాదు, లేదా తయారైనా శరీరం దానిని సరిగా వాడుకోలేదు. నార్‌అడ్రినలిన్ మోతాదు పెంచుతున్నా బి.పి. నిలవకపోవడానికి ఇది ఒక కారణం.

స్టెరాయిడ్ ఎంత మేలు చేస్తుంది?

ఈ లోటు తీర్చడానికే హైడ్రోకార్టిజోన్ ఇస్తాము. 2002లో ఫ్రాన్సు వైద్యులు 300 మంది మీద జరిపిన పరిశోధనలో, గ్రంథులు సరిగా స్పందించని రోగులలో మరణాలు తగ్గాయి. 2008లో యూరప్‌లో 499 మందితో చేసిన పరిశోధనలో షాక్ త్వరగా తగ్గింది గాని మరణాలు తగ్గలేదు. 2018లో రెండు పెద్ద పరిశోధనలు వెలువడ్డాయి. మొదటి దానిలో 3,658 మంది వివరాలు పరిశీలించగా, షాక్ 4 రోజులకు బదులు 3 రోజులలో తగ్గింది, మరణాలలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఫ్రాన్సులో 1,241 మందితో చేసిన రెండవ దానిలో మరో స్టెరాయిడ్ కూడా కలిపి ఇచ్చారు. 90 రోజులలో మరణాలు 49.1 శాతం నుండి 43 శాతానికి తగ్గాయి.

కాబట్టి ఇది అద్భుత ఔషధం కాదు, అనవసరమైనదీ కాదు. నార్‌అడ్రినలిన్ అవసరం తగ్గని పెద్దవారికి రోజుకు 200 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిజోన్ ఇవ్వవచ్చని 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి. దీనివల్ల షుగరు పెరగవచ్చు, కండరాలు బలహీనపడవచ్చు. అందుకే తరచూ రక్తపరీక్ష చేస్తాము. అన్నిటికంటే ముఖ్యం, ఆలస్యం లేకుండా యాంటీబయాటిక్ ఇవ్వడం, చీము ఉంటే తీసివేయడం.

కుటుంబాలవారు గుర్తుంచుకోవలసినవి

ఉబ్బసానికి, కీళ్ల నొప్పులకు వారాల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడేవారి అడ్రినల్ గ్రంథులు పని తగ్గించుకుంటాయి. వారు మాత్రలు హఠాత్తుగా మానేస్తే, లేదా వారికి పెద్ద ఇన్ఫెక్షన్ వస్తే, బి.పి. ప్రమాదకరంగా పడిపోవచ్చు. పేరు లేకుండా పొట్లాలలో కట్టి ఇచ్చే నొప్పుల మందులలోనూ స్టెరాయిడ్ ఉండవచ్చు. ఆసుపత్రికి వచ్చేటప్పుడు వాడుతున్న మందులన్నీ, ఆ పొట్లాలతో సహా, వెంట తీసుకురండి. ఎవరైనా కోప్పడతారని దాచవద్దు. ఆ ఒక్క సమాచారంతో మేము సరైన మందును వెంటనే మొదలుపెట్టగలము.

జ్వరంతో పాటు ఆయాసం, మాట తడబడడం, మగత, మూత్రం తగ్గడం, కాళ్లు చేతులు చల్లబడడం కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకండి. జ్వరం లేకపోయినా, ముఖ్యంగా వృద్ధులలో, ఈ లక్షణాలను తేలికగా తీసుకోవద్దు. రాత్రి అయినా సరే, వెంటనే తీసుకురండి.