గాత్రమునకు తగిన మైక్రోఫోను

“మా అమ్మాయి సంగీతము నేర్చుకొనుచున్నది. పాటలు ముద్రింపదలచినాము. మంచి మైక్రోఫోను ఏది?” అని శ్రోతలు మమ్ములను తరచుగ అడుగుచుందురు. ప్రశ్న చిన్నదే, కాని “మంచి చీర ఏది?” అని అడిగినట్లున్నది. కట్టుకొనువారెవరో తెలియనిదే అంగడివాడు మాత్రమేమి చెప్పగలడు?

నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక స్టూడియోకు ఏబదియేండ్లు పైబడిన గాయని యొకరు స్వరపరీక్షకు వచ్చినారు. మర్యాదకొరకు వారి యెదుట, ఉన్నవానిలోనెల్ల ఖరీదైన కండెన్సరు మైక్రోఫోనును నిలిపితిమి. అద్దమునకీవల కూర్చుండి వినుచున్న మాకు, సకారము వచ్చినప్పుడెల్ల ఈలవేసినట్లు, తారస్థాయిలో కంచుపళ్లెమును గీకినట్లు వినవచ్చినది. “గొంతు అరిగిపోయినది” అని మాలో ఒకరనిరి. నేనును తలయూపితిని. అంతలో పెద్ద సాంకేతికుడొకరు ఏమియు పలుకక బీరువాలోని పాత రిబ్బన్ మైక్రోఫోనును తెచ్చిపెట్టి, ఆ కీర్తననే మరల పాడుడని కోరినారు. అదే గొంతు, అదే శ్రుతి; గీకుడు మాత్రము లేదు. అంతవరకు తెలియని గమకములు విడివిడిగ వినవచ్చినవి. ఆమె ఎంపికైనారు. ఆ బీరువా తెరువకుండినచో సాయంకాలపు రైలులో ఇంటికి మరలిపోయెడివారే. మా తలయూపు ఎవరికిని తప్పుగ తోచెడిది కాదు.

ఇది యెట్లు జరిగెను? మైక్రోఫోను చేయు పని గాలి కదలికను విద్యుత్తుగ మార్చుట. డైనమిక్ రకములో పలుచని పొరకు సన్నని తీగచుట్ట అంటియుండును. పొర కదలినపుడు ఆ చుట్ట అయస్కాంతము నడుమ కదలి విద్యుత్తును పుట్టించును. చుట్ట బరువును కూడ మోయవలసియుండుటచే ఈ పొర మిక్కిలి సూక్ష్మమైన కదలికలను అంత చురుకుగ అందుకొనలేదు. కాని దెబ్బకును, గట్టి గొంతునకును ఓర్చుకొనును. కచేరీ వేదికలకు 1966లో వచ్చిన ష్యూర్ ఎస్.ఎం.58 ఈ జాతిది. రిబ్బన్ రకములో పొరయు చుట్టయు వేరు కావు: అయస్కాంత ధ్రువముల నడుమ ముడుతలు పెట్టిన పలుచని అల్యూమినియపు రేకు వ్రేలాడుచుండును. ఇది హెచ్చుస్థాయి ధ్వనులను మెత్తగ వినిపించును. ఊదినచో రేకు సాగిపోవును గనుక, మైకును ఊది పరీక్షించు అలవాటున్నవారిని మేము దీని దరికి రానీయము. కండెన్సరులో పొర వెనుక లోహపు పలక యొకటి యుండును; ఆ రెంటి నడుమ ఎడము మారుటయే విద్యుత్ సంకేతమగును. 1916లో అమెరికాలో ఇ.సి. వెంట్ రూపొందించిన ఈ పద్ధతిలో పొరకు మోయవలసిన చుట్ట లేదు. అందుచే ఊపిరి పీల్చుటను, పెదవులు విడుటను కూడ పట్టుకొనును. పైగా, పలు కండెన్సరులు 5,000 హెర్ట్జులకు పైనున్న భాగమును కొంత హెచ్చించి వినిపించును. మసక గొంతునకు ఇది మేలు. శ, ష, స అను ఊష్మములకు బలమంతయు ఇంచుమించుగ ఆ ప్రాంతముననే యున్నది. గొంతులోనే వాడి కలవారికి ఈ రెండును కలిసి వినువారి చెవిని పొడుచును. మా గాయని విషయమున జరిగినది అదియే.

అసలు మైక్రోఫోను రాకపూర్వము ఎన్నికయే లేదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినది కొమ్ముబూరలోనికి. గట్టిగ పాడినవారి పాటయే దానిలో నిలిచెడిది. 1925లో విద్యుత్ ముద్రణ వచ్చిన పిమ్మటనే చెవిలో చెప్పినట్లు పాడుట సాధ్యమైనది. రావు బాలసరస్వతీదేవిగారి లలితగీతములలోని సౌకుమార్యము ఆ కొమ్మునకు అందెడిది కాదు.

మైక్రోఫోను రకముకంటె గాయకుని దూరము ముఖ్యమని నా అభిప్రాయము. ఎదుటి ధ్వనిని బాగుగ గ్రహించి వెనుకటిదానిని విడిచిపెట్టు మైకులకు నోరు మరీ చేరువైనచో మంద్రస్థాయి ఉబ్బును. భ, ఘ, ఫ వంటి మహాప్రాణములు గాలిని తోయుటచే పొరమీద దెబ్బపడును. నోటికి నేరుగ గాక కొంచెము ప్రక్కకు నిలిపి, నడుమ పలుచని గుడ్డ బిగించిన చట్రము నుంచినచో ఈ బాధ చాలవరకు తీరును. సామాన్యముగ జానెడు దూరము చాలును. దూరము రెట్టింపైనచో గొంతు సుమారు 6 డెసిబెళ్లు తగ్గును. గది ప్రతిధ్వని మాత్రము ఇంచుమించు అట్లే యుండును. చలువరాతి నేల, బోసిగోడలు గల గదిలో ఖరీదైన కండెన్సరు నుంచినచో అమ్మాయి పాటతోపాటు పంకా చప్పుడును, వంటింటి కుక్కరు కూతను కూడ శ్రద్ధగ ముద్రించును. అట్టి ఇంటికి సామాన్యమైన డైనమిక్ మైకే నయము. మిగిలిన సొమ్ముతో దళసరి తెరలు కొనుడు; లేదా పాడు సమయమున ఇంటిలోని బొంతలు గోడలకు వ్రేలాడదీయుడు.

చౌకరకమని చిన్నబుచ్చుకొన పనిలేదు. 1982లో వెలువడిన మైఖేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ పాటలకు ఇంజనీరు బ్రూస్ స్వీడియన్ ఎన్నుకొన్నది ష్యూర్ ఎస్.ఎం.7 అను డైనమిక్ మైక్రోఫోనే. కోరినచో ఆ స్టూడియోలో కండెన్సరులకేమి కరవు?

కొనుటకు ముందు ఒక పరీక్ష చేయుడు. రెండు మైకులను ప్రక్కప్రక్కన, సమాన దూరమున నిలిపి, అమ్మాయిచేత ఒకే చరణమును పాడించుడు. మంద్రమునుండి తారస్థాయివరకు పోవు చరణమైనచో మంచిది. రెండు ముద్రణలను ఒకే బిగ్గరతనమునకు తెచ్చి వినవలెను. బిగ్గరగ వినబడునదే మంచిదని చెవి ఊరకయే మోసపోవును. ఏది యేదో చెప్పక ఇంటివారికి వినిపింపుడు. పెద్ద స్పీకరులపై ఒకసారి, చిన్న రేడియో వంటిదానిపై ఒకసారి వినుడు. కండెన్సరును ఎన్నుకొన్నచో, దానికి 48 వోల్టులు అందించు పరికరము మీయొద్ద ఉన్నదో లేదో ముందే చూచుకొనవలెను. మన వానకాలపు చెమ్మ దానికి పడదు. పని ముగిసిన వెంటనే గుడ్డతో తుడిచి, తేమను పీల్చు సిలికా పొట్లముతో మూతగల పెట్టెలో భద్రపరచుడు.