ఓట్లు ఎక్కువ, సీట్లు తక్కువ!

నేను తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. అంకెలతో నాకు పొత్తు తక్కువ. అయినా ఉత్తర ఐర్లండులోని డెర్రీ పట్టణం లెక్క మాత్రం నన్ను వదలలేదు.

1920లో అక్కడి పురపాలక సంఘానికి దామాషా పద్ధతిలో ఎన్నిక జరిగి, క్యాథలిక్కు అయిన హ్యూ ఓడోహెర్టీ మేయరయ్యాడు. 1922లో ఉత్తర ఐర్లండు ప్రభుత్వం స్థానిక ఎన్నికలలో ఆ పద్ధతినే తీసివేసింది. వార్డుల హద్దులూ మారాయి. ఫలితం చూడండి: 1967లో క్యాథలిక్కు ఓటర్లు 14,429 మంది, ఇతరులు 8,781 మంది. కౌన్సిలులో మాత్రం బ్రిటను పక్షపు యూనియనిస్టులు 12 మంది, తక్కినవారు 8 మంది! ఎలాగంటారా? 10,047 మంది క్యాథలిక్కులను ఒకే వార్డులో కుక్కి 8 స్థానాలిచ్చారు. మిగతా రెండు వార్డుల 12 స్థానాలూ యూనియనిస్టులవే.

పేదలకు ఇళ్లు పంచేదీ ఆ కౌన్సిలే. మరి జనానికి కడుపు మండదా? 1968లో వీధుల్లోకి వచ్చారు. 1969లో కౌన్సిలు రద్దయింది. 1973లో దామాషా పద్ధతి తిరిగి వచ్చింది. యూనియనిస్టుల ఆధిక్యం పోయింది.

ఇందులో ఓటరు అభ్యర్థుల పేర్లకు ఎదురుగా 1, 2, 3 అని వరుస వేస్తాడు. 5 స్థానాలకు 6,000 ఓట్లు చెల్లితే, 1,001 వచ్చినవాడు గెలిచినట్లే. అతని మిగులు ఓట్లూ, అట్టడుగున నిలిచినవాని ఓట్లూ ఓటరు కోరిన తరువాతి పేరుకు చేరుతాయి. మన శాసనసభ్యులు రాజ్యసభకు సభ్యులను ఎన్నుకొనేదీ ఇలాగే.

ఓటు హక్కు ఉంటే చాలదు. దాన్ని లెక్కించే తీరులోనూ న్యాయం ఉండాలి.