బాడుగ కాగితము వ్రాయకముందే అడుగుడి



వానలు లేని యేండ్లలో మన ఉరవకొండ ప్రాంతమునుండి అనేక కుటుంబములు బెంగళూరు పనులకు వెళ్లుచున్నవి. వెళ్లునప్పుడు ఇల్లో, బజారులోని అంగడి గదియో బాడుగకు ఇచ్చి పోవుదురు. కొందరు విధవరాండ్రకు ఆ బాడుగయే నెల గడుపుకొను ఆధారము. అయినను కాగితము వ్రాయునప్పుడు, “అందరూ వ్రాసుకునేదే గదా” అని సంతకము పెట్టుచున్నాము.

మేము సంఘములలో తరచుగా విను మాట ఒకటున్నది: “పదకొండు నెలలకు వ్రాసుకుంటే రిజిస్ట్రేషను అక్కరలేదు.” 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము సంవత్సరమునకు మించిన లీజులను రిజిస్టరు చేయవలెనని చెప్పినది గనుక, దేశమంతట ఈ పదకొండు నెలల వాడుక వచ్చినది. అయితే మన రాష్ట్రము ఆ నియమమును సవరించినది. 1999 ఏప్రిల్ 1 నుండి ఇక్కడ వ్రాసుకొను లీజు ఎంత తక్కువ కాలమునకైనను రిజిస్టరు కావలెను. లేనియెడల అందులోని షరతులు కోర్టులో సాక్ష్యముగా నిలువవు. పొలము గుత్తకు 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము వేరుగా ఉన్నది. అందులోని పదకొండు నెలల మాట ఇంటికి వర్తించదు.

బాడుగ చట్టము ఎల్ల దాటితే మారును. కర్ణాటకకు 1999 నాటి చట్టమున్నది. తెలంగాణలో 1960 నాటి చట్టము నడుచుచున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో కొత్త చట్టము చేసిరి. కావున బళ్లారి బావగారు, హైదరాబాదు అల్లుడు ప్రేమతో చెప్పిన సలహా వారి ఊరికి సరిపోవచ్చును గాని, మన ఇంటికి సరిపోదు.

మరియొక ప్రమాదమున్నది. బాడుగ నిలిచిపోయినదని కొందరు కోపముతో సామాను వీధిలో వేసి, తాళము బిగించుదురు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టము 6వ సెక్షను ప్రకారము, అట్లు వెళ్లగొట్టబడినవాడు ఆరు నెలలలోగా దావా వేసి స్వాధీనము తిరిగి పొందవచ్చును. “ఇల్లు నాది” అను జవాబు అక్కడ చెల్లదు. బాడుగకున్నవారికిని పిల్లలున్నారు, పరువున్నది. నోటీసు ఇచ్చి, కోర్టు ద్వారా ఖాళీ చేయించుటయే ఇద్దరికిని మేలు.

కాబట్టి సంతకమునకు ముందే మన ప్రాంతపు కోర్టులో పనిచేయు న్యాయవాదిని కలిసి మూడు సంగతులు అడుగుడి: ఈ కాగితము ఎక్కడ రిజిస్టరు చేయవలెను? అడ్వాన్సు, బాడుగ పెంపు ఎట్లు వ్రాయవలెను? ఖాళీ చేయించవలసివస్తే ఎన్ని దినముల నోటీసు ఇయ్యవలెను?

ఫీజు ఇచ్చుకొనలేనివారు వెనుదీయనక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టము క్రింద స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము దొరకును. అనంతపురములోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును.

పూటెడు పని మానుకొని అడిగివచ్చిన సలహా, యేండ్ల తరబడి కోర్టు మెట్లెక్కు శ్రమను తప్పించును.