గాలి లేని చోట ఆరని కుంపటి

గోదావరిఖని: షిఫ్టు ముగిసి కార్మికుడు బాయి నుంచి పైకి రాగానే క్యాప్ ల్యాంపు ల్యాంపు రూముకు చేరుతుంది. చార్జింగ్ ఎక్కితేనే మర్నాడు మళ్లీ వెలుగు. మరి సూర్యుడికి దూరంగా ఏళ్ల తరబడి సాగిపోయే అంతరిక్ష నౌకకు ల్యాంపు రూము ఎక్కడిది? అక్కడ ఎండ చాలదు. బొగ్గు మండిద్దామంటే గాలి లేదు.

2023 ఆగస్టు 23న చంద్రుడిపై దిగిన మన విక్రమ్, ప్రజ్ఞాన్ ఎండతో నడిచే యంత్రాలు. ఒక్క చంద్రుడి పగటి కోసమే, అంటే మన లెక్కన 14 రోజులకే వాటిని తయారు చేశారు. చీకటి పడితే అక్కడ చలి సున్నాకు 100 డిగ్రీలకు పైగా దిగువకు పోతుంది. ఆ రాత్రి గడిచాక ఎంత పిలిచినా అవి పలకలేదు. 2019లో దిగిన చైనా యంత్రాలు మాత్రం అలాంటి రాత్రులు ఎన్నో దాటాయి. వాటిలో అణు కుంపట్లు ఉన్నాయి.

ఈ కుంపట్లకు వాడే పేరున్న ఇంధనం ప్లుటోనియం-238. దీన్ని ఎవరూ రాజేయనక్కర లేదు. తనంతట తానే విచ్ఛిన్నమవుతూ వేడినిస్తుంది. గ్రాముకు సుమారు అర వాటు. ఆ వేడి సగానికి తగ్గడానికి దాదాపు 88 ఏళ్లు పడుతుంది. రామగుండంలో బొగ్గు కాల్చి, నీటిని ఆవిరి చేసి, టర్బయిన్ తిప్పితే కరెంటు వస్తుంది. నౌకలో ఆవిరీ లేదు, టర్బయినూ లేదు. రెండు రకాల పదార్థాలను జోడించి ఒక కొసను వేడిగా, మరో కొసను చల్లగా ఉంచితే కరెంటు పుడుతుంది. 1977లో బయలుదేరిన అమెరికా వోయేజర్ నౌక ఈ పద్ధతిలోనే 2,400 కోట్ల కిలోమీటర్లు దాటి కూడా కబుర్లు పంపింది.

అయితే ఇది గనిలో దొరికే సరుకు కాదు. నెప్ట్యూనియం-237ను అణు రియాక్టరులో పెట్టి మార్చాలి. తర్వాత రసాయనాలతో వేరు చేయాలి. దాని ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. అందుకే బిళ్లలుగా చేసి గట్టి లోహపు తొడుగులో బిగిస్తారు. 1988లో తయారీ ఆపిన అమెరికా, మళ్లీ మొదలుపెట్టి 2015 నాటికి తీయగలిగింది 50 గ్రాములే.

మన దేశమూ తొలి అడుగు వేసింది. భాభా అణు పరిశోధన కేంద్రం చేసిన ఒక్కో వాటు కుంపట్లు రెండింటిని చంద్రయాన్-3 చోదక విభాగంలో అమర్చి పరీక్షించారు. అవి చంద్రుడిపై దిగలేదు, చుట్టూ తిరిగాయి.

అణుశక్తి ఈ బొగ్గు ప్రాంతానికి కొత్త కాదు. మణుగూరు భారజల కర్మాగారానికి కావలసిన ఆవిరి, కరెంటు బొగ్గు నుంచే వస్తాయి. అక్కడి భారజలం రియాక్టర్లకు పోతుంది. చంద్రుడి రాత్రిని దాటే యంత్రం మనకూ కావాలంటే, ఇకపై ఈ కుంపటి కింద దిగే యంత్రంలోనే ఉండాలి.