మరిగితే బ్రేకు పడదు! బ్రేక్ ఆయిల్ ఎంపికలో ఏమరుపాటు వద్దు

ఆదోని: ఆదోని నుంచి ఎమ్మిగనూరు మీదుగా మంత్రాలయం వెళ్లే రహదారి చాలావరకు చదునైనదే. మార్కెట్ యార్డుకు పత్తి తెచ్చే చిన్న గూడ్సు వాహనాలు, యాత్రికులను చేరవేసే జీపులు, ఆటోలు, సొంత కార్లు ఈ దారిలో ఏడాది పొడవునా తిరిగినా వాటి బ్రేకులకు అసలైన పరీక్ష ఎదురుకాదు. అవే వాహనాలు ఏడాదికి ఒకటి రెండుసార్లు కుటుంబంతో, సామానుతో శ్రీశైలమో తిరుమలో వెళ్లి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పరీక్ష మొదలవుతుంది. అప్పటివరకు చక్కగా పనిచేసిన బ్రేకు ఉన్నట్టుండి మెత్తబడి, పెడల్ నేలకు తగిలే ప్రమాదముంది. దీనికి తరచుగా కారణమయ్యేది ఎవరూ పట్టించుకోని బ్రేక్ ఆయిల్.

ఆయిల్ కాదు, ద్రవం

వాడుకలో బ్రేక్ ఆయిల్ అంటున్నా ఇది నూనె కాదు. గ్లైకాల్ జాతి రసాయనాలతో తయారయ్యే ద్రవం. ద్రవాన్ని ఎంత నొక్కినా దాదాపుగా కుదించుకుపోదు. అందుకే పెడల్‌పై పాదం వేసే ఒత్తిడి సన్నని గొట్టాల ద్వారా నాలుగు చక్రాలకూ అందుతుంది. ఆవిరి అలా కాదు, నొక్కితే కుదించుకుపోతుంది. బ్రేకుల వేడికి ద్రవం మరిగి గొట్టాల్లో ఆవిరి బుడగలు ఏర్పడితే పాదం ఒత్తిడి ఆ బుడగలను నొక్కడానికే సరిపోతుంది. చక్రానికి చేరదు. దీనినే వేపర్ లాక్ అంటారు.

కార్లు, జీపులు, ఆటోలు, చిన్న గూడ్సు వాహనాలు, డిస్క్ బ్రేకులున్న మోటారు సైకిళ్లు ఈ ద్రవంపైనే ఆధారపడతాయి. పెద్ద లారీలు, బస్సులలో ఎక్కువగా ఉండేవి గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ బ్రేకులు కనుక వాటికి ఈ సమస్య వర్తించదు.

వేడి ఎంత?

ప్రయాణికులతో కలిపి 2,500 కిలోల బరువున్న జీపు 300 మీటర్ల ఎత్తు నుంచి దిగుతున్నదనుకుందాం. ఆ దిగుడులో వెలువడే శక్తి మొత్తం వేడిగా మారితే 30 డిగ్రీల వద్ద ఉన్న సుమారు 25 లీటర్ల నీటిని మరిగే స్థితికి తేగలదు. లోగేరులో దిగితే ఇందులో గణనీయమైన భాగాన్ని ఇంజిన్ ఆపుతుంది. న్యూట్రల్‌లో దిగితే దాదాపు భారమంతా బ్రేకులపైనే పడుతుంది. ఇంధనం ఆదా అవుతుందని న్యూట్రల్ చేయడం ప్రాణాంతకమయ్యేది అందుకే.

డబ్బాపై అంకెల అర్థం

డబ్బాలపై కనిపించే డాట్ అనే మాట అమెరికా రవాణా శాఖ పేరుకు పొట్టి రూపం. ఆ శాఖ నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం కొత్త ద్రవం డాట్-3 అయితే కనీసం 205 డిగ్రీల సెల్సియస్, డాట్-4 అయితే 230, డాట్-5.1 అయితే 260 డిగ్రీల వరకు మరగకూడదు. అయితే ఇవి మూత తీయని డబ్బాలోని ద్రవానికి వర్తించే అంకెలు.

గ్లైకాల్ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. రబ్బరు గొట్టాల గుండా, ట్యాంకు మూత గుండా తేమ కొద్దికొద్దిగా చేరుతూనే ఉంటుంది. సుమారు 3.7 శాతం నీరు చేరిన స్థితికి ప్రమాణం వేరు. డాట్-3కి 140, డాట్-4కి 155, డాట్-5.1కి 180 డిగ్రీలు. అంటే నీరు చేరిన డాట్-4 కన్నా కొత్త డాట్-3 ఎంతో మేలు. ఖరీదైన ద్రవం పోసి ఐదారేళ్లు మరిచిపోవడం కంటే, మామూలు ద్రవాన్ని వేళకు మార్చడమే భద్రత. పశ్చిమ ప్రాంతం పొడినేల కనుక తేమ చేరదనుకోవడం పొరపాటు. వానాకాలపు గాలి ఒక్కటే చాలు.

ఏ వాహనానికి ఏది?

ట్యాంకు మూతపై గాని, వాహనంతో ఇచ్చిన పుస్తకంలో గాని ఏ రకం వాడాలో రాసి ఉంటుంది. దానికంటే తక్కువ రకం వాడకూడదు. డాట్-3 వాడే వాహనంలో సాధారణంగా డాట్-4 వాడవచ్చు. అయితే పాతదంతా తీసి కొత్తది నింపినప్పుడే పూర్తి ఫలితం దక్కుతుంది. ఊళ్లో తిరుగుతూ అప్పుడప్పుడు ఘాట్ ఎక్కేవారికి రెండేళ్లకోసారి మార్చే డాట్-4 సరిపోతుంది. బరువుతో తరచూ కొండ దారుల్లో తిరిగేవారు ఏడాదికోసారి మార్చుకోవడం మంచిది.

డాట్-5 విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. పేరు దగ్గరగా ఉన్నా ఇది డాట్-5.1 కాదు. ఇది సిలికాన్ ద్రవం. గ్లైకాల్ ద్రవాలతో కలపరాదు. ఎ.బి.ఎస్. ఉన్న వాహనాలకు పనికిరాదు. దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు, 125 సీసీ దాటిన కొత్త ద్విచక్ర వాహనాలకు ఎ.బి.ఎస్. తప్పనిసరి అయినందున ఈ తేడా మరింత ముఖ్యం.

రేసు ట్రాకుపైకి వెళ్తే

సొంత బైకు, కారుతో రేసు ట్రాకుపై సరదా తీర్చుకునే యువత ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ ఉంది. చెన్నై సమీపంలోని ఇరుంగట్టుకోటై, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే దక్షిణాదిన పేరొందిన ట్రాకులు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ తీరాన జరిగిన ఫార్ములా ఈ పోటీ ఈ ఆసక్తిని పెంచింది.

వేగం రెట్టింపయితే ఆపడానికి పుట్టే వేడి నాలుగింతలవుతుంది. ట్రాకుపై ప్రతి మలుపు వద్ద ఇదే తంతు, మధ్యలో చల్లబడే వ్యవధి ఉండదు. అందుకే రేసులకు ప్రత్యేక ద్రవాలున్నాయి. ఉదాహరణకు మోటుల్ సంస్థ తయారుచేసే ఆర్‌బీఎఫ్ 600 పొడి స్థితిలో 312 డిగ్రీల వరకు మరగదు. అయితే ఇటువంటి వాటిని రోజూ తిరిగే బండిలో పోసి వదిలేయకూడదు, తరచుగా మార్చాల్సిందే. ఏడాదికోసారి ట్రాకుకు వెళ్లేవారు వెళ్లే ముందు కొత్త డాట్-4 లేదా, తయారీదారు అనుమతిస్తే, డాట్-5.1 నింపుకోవడం ఆచరణయోగ్యమైన మార్గం. ఘాట్ రోడ్డు దిగే జీపుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఇక మంత్రాలయం రహదారి ట్రాకు కాదన్న సంగతి ఏ ద్రవం పోసినా మారదు.

పాటించాల్సినవి

* సీలు ఉన్న చిన్న డబ్బానే కొనాలి. నెలల తరబడి మూత తెరిచి ఉంచిన డబ్బాలోది పోయించుకోరాదు.
* తగ్గినంత మేర పైన పోస్తే చాలదు. ఈ ద్రవం ఇంజిన్ ఆయిల్‌లా తిరగదు. చక్రాల వద్దనున్న పాత ద్రవం అక్కడే ఉండిపోతుంది. నాలుగు చక్రాల వద్దా పాతది తీయించి, గాలి లేకుండా చూసుకోవాలి.
* మట్టం తగ్గడం ప్యాడ్లు అరిగాయనడానికో, ఎక్కడో కారుతోందనడానికో సూచన కావచ్చు. కారణం చూడకుండా పోయరాదు.
* రంగును బట్టి నిర్ణయించరాదు. తేమను కొలిచే టెస్టర్‌తో పరీక్షించి, 3 శాతం దాటితే వెంటనే మార్చాలి.
* ఇంజిన్ ఆయిల్, డీజిల్, కిరోసిన్ చుక్క కూడా కలవరాదు. లోపలి రబ్బరు ఉబ్బి బ్రేకులు పాడవుతాయి.
* ద్రవం పెయింటుపై పడితే తక్షణం నీటితో కడగాలి.

దారిలో పెడల్ మెత్తబడితే ఇంజిన్ ఆపరాదు. పెడల్‌ను వెంటవెంటనే తొక్కుతూ, గేరు ఒక్కొక్కటిగా తగ్గిస్తూ, చేతి బ్రేకును నెమ్మదిగా లాగుతూ బండిని పక్కకు ఆపాలి. అరగంట చల్లబడ్డాక పెడల్ మళ్లీ గట్టిపడుతుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు. ఆవిరి తిరిగి ద్రవంగా మారిందే తప్ప అందులోని నీరు ఎక్కడికీ పోలేదు. తర్వాతి మలుపులో అది మళ్లీ మరుగుతుంది. అందువల్ల ద్రవం మార్చే వరకు ఆ వాహనంతో ఘాట్ దిగకపోవడమే క్షేమం.