కళ్లు పచ్చబడ్డా జ్వరం తగ్గలేదా? పసరు మందు కంటే ముందు కిడ్నీ పరీక్ష

వానాకాలంలో ఇంట్లో ఎవరికైనా కళ్లు పచ్చబడితే మనకు ముందు గుర్తొచ్చేది పసరు మందే. పథ్యం చేస్తే నాలుగు రోజుల్లో తగ్గిపోతుందని పెద్దవాళ్లు ధైర్యం చెబుతారు. ఆ కామెర్లు లెప్టోస్పైరోసిస్ వల్ల వచ్చినవైతే ఆ నాలుగు రోజుల్లోనే కిడ్నీలు పనిచేయడం మానేయొచ్చు.

దీన్నే ఎలుక జ్వరం అంటారు. ఎలుకలు, పశువులు, కుక్కల మూత్రంలోని బ్యాక్టీరియా వాన నీళ్లలో, బురదలో కలిసి, కాళ్ల పగుళ్ల నుంచి, చిన్న గాయాల నుంచి ఒంట్లోకి వెళ్తుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్ పాతబస్తీలో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగిన విజయవాడలో జనం నడిచింది ఇలాంటి నీళ్లలోనే. పొలం పనులు, మురికి కాల్వల పనులు చేసేవాళ్లకు, మాంసం కొట్టేవాళ్లకు వరద లేకపోయినా ముప్పుంది. జ్వరం వచ్చేసరికి వారం, పది రోజులు గడిచిపోతాయి. దాంతో నీళ్లలో దిగిన సంగతి ఎవరూ డాక్టరుకు చెప్పరు. చెప్పాల్సింది అదే.

ఎక్కువమందికి మామూలు జ్వరంలా వచ్చిపోతుంది. కొందరికి మాత్రం లివర్, కిడ్నీలు రెండూ దెబ్బతింటాయి. 1886లో జర్మన్ డాక్టర్ అడాల్ఫ్ వీల్ వివరించిన రూపం ఇది.

వైరస్ కామెర్లలో కళ్లు పచ్చబడేసరికి జ్వరం సాధారణంగా తగ్గుముఖం పడుతుంది. ఇందులో చాలాసార్లు తగ్గదు. పిక్కలు ముట్టుకోనివ్వరు, పుసి లేకుండానే కళ్లు ఎర్రబడతాయి. బిలిరుబిన్ బాగా పెరిగినా ఎస్‌జీపీటీ ఎక్కువగా వందల్లోనే ఉంటుంది; వైరస్ కామెర్లలో అది వేలకు చేరుతుంది. క్రియాటినిన్ పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు కూడా పడిపోతాయి కాబట్టి డెంగీ అని పొరబడటం మామూలే.

ఐజీఎం ఎలీసా పరీక్ష మొదటి నాలుగైదు రోజుల్లో నెగెటివ్ రావొచ్చు. అందుకే అనుమానం గట్టిగా ఉంటే డాక్టర్లు రిపోర్టు కోసం ఆగకుండా పెన్సిలిన్ లేదా సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్ మొదలుపెడతారు, సాధారణంగా 7 రోజులు. డాక్సీసైక్లిన్ మాత్రలు తేలికపాటి జ్వరానికి; గర్భిణులకు మామూలుగా ఇవ్వరు, కాబట్టి మెడికల్ షాపులో అడిగి కొనకండి. ఒళ్లునొప్పులకని డైక్లోఫెనాక్ సూదులు వేయించుకోవడం మరీ ప్రమాదం, దెబ్బతిన్న కిడ్నీల మీద అది ఇంకో దెబ్బ.

డయాలసిస్ అనగానే ‘ఇక జీవితాంతం అదేనా’ అని ఇంటికి తీసుకెళ్లిపోయే కుటుంబాలున్నాయి. ఈ జబ్బులో అలా కాదు. సమయానికి చేస్తే చాలామందికి కొన్ని రోజులు, కొన్ని వారాలే అవసరం పడుతుంది, తర్వాత కిడ్నీలు కోలుకుంటాయి. మూత్రం తగ్గినా, దగ్గులో రక్తం పడినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. ఐసీయూ, డయాలసిస్ రెండూ ఉన్న ఆసుపత్రికి ఆ రాత్రే వెళ్లండి.