మేఘాల్లో చిట్టా... మరి తాళం ఎవరి దగ్గర?

సంక్రాంతి దగ్గర పడుతోందంటే పల్లెల్లో ఇళ్లకు మరమ్మతులు మొదలవుతాయి. విజయనగరం జిల్లా కొత్తవలస లాంటి ఊళ్లో సిమెంటు, ఇనుము అమ్ముకునే దుకాణానికి అదే అసలైన సీజను. సగం సరుకు రొక్కానికి పోతే మిగతా సగం అరువు. ఎవరెంత బాకీ, ఎవరెంత జమ... అంతా గల్లాపెట్టె పక్కనున్న కంప్యూటర్లోనే. సరిగ్గా అప్పుడే దాని హార్డ్‌డిస్క్ పోయిందనుకోండి! కంప్యూటరుదేముంది, కొత్తది కొనుక్కోవచ్చు. మరి అందులోని బాకీలో? 'నేనివ్వాల్సింది ఇంతేనా?' అని ఖాతాదారు అడిగితే చూపించడానికి కాగితం ముక్కయినా ఉండదు.

ఈ బెంగకు విరుగుడుగా ఇప్పుడు ఊరూరా వినిపిస్తున్న మాట 'క్లౌడ్'.

పేరుకే మేఘం. ఆకాశంలో ఏమీ ఉండదు. ఎక్కడో ఓ పెద్ద భవనం, అందులో బీరువాల్లా నిలబెట్టిన వేలాది కంప్యూటర్లు, వాటిని చల్లబరిచే యంత్రాలు, కరెంటు పోతే ఆదుకునే జనరేటర్లు. అందులో కాస్త చోటును మనం అద్దెకు తీసుకుంటాం. చాలావరకు కరెంటు బిల్లులాగే, వాడుకున్నంతకే డబ్బు కడతాం. అమెజాన్ సంస్థ 2006లో ఈ అద్దె వ్యాపారాన్ని మొదలుపెట్టింది. మైక్రోసాఫ్ట్ 2015లో మనదేశంలో క్లౌడ్ కేంద్రాలు తెరిస్తే, అమెజాన్ 2016లో ముంబయిలో, 2022లో హైదరాబాద్‌లో తెరిచింది.

'మాకెందుకండీ అవన్నీ' అనే వ్యాపారి కూడా నిజానికి ఇప్పటికే సగం మేఘంలో ఉన్నాడు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక రిటర్నులన్నీ ఆన్‌లైన్లోనే. 2018 నుంచి యాభైవేల రూపాయలు దాటిన సరుకు లారీ ఎక్కాలంటే ఈ-వే బిల్లు కావాలి. ఏడాది టర్నోవరు అయిదు కోట్లు దాటితే, తోటి వ్యాపారికి రాసే బిల్లును కూడా 2023 ఆగస్టు నుంచి ప్రభుత్వ పోర్టల్లో నమోదు చేయించాల్సిందే. ఇంటర్నెట్ లేకపోతే లారీ కదలని రోజులివి!

పండగకో లెక్క... ఆషాఢానికో లెక్క!

అద్దె కంప్యూటర్ల విలువ తెలియాలంటే మన తెలుగు కుర్రాళ్ల కథే చెప్పుకోవాలి. నిజామాబాద్ జిల్లాకు చెందిన ఫణీంద్ర సామ బెంగళూరులో ఇంజినీరు. 2005 దీపావళికి ఇంటికి వెళ్దామంటే బస్సు టికెట్ దొరకలేదు. ఏ బస్సులో ఏ సీటు ఖాళీగా ఉందో ఒక్కచోట చెప్పే నాథుడే లేడని అప్పుడర్థమైంది. స్నేహితులు చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరితో కలిసి 2006లో రెడ్‌బస్ ప్రారంభించాడు.

వ్యాపారం పెరిగేకొద్దీ సర్వర్ల బెడద మొదలైంది. బస్సు టికెట్ల గిరాకీ ఏడాది పొడవునా ఒకేలా ఉండదు కదా. దసరాకి, సంక్రాంతికి జనం విరుచుకుపడతారు. ఆ రద్దీకి సరిపడా సర్వర్లు కొంటే ఆషాఢంలో అవి ఖాళీగా కూర్చుంటాయి. ఆషాఢానికి సరిపడా కొంటే పండగ రోజున వెబ్‌సైట్ మొరాయిస్తుంది. పోనీ రద్దీ చూసి కొందామా అంటే, ఆర్డరిచ్చి, తెప్పించి, బిగించేసరికి పండగ కాస్తా వెళ్లిపోతుంది. ఆ పరిస్థితిలో సొంత ఏర్పాట్లు వదిలి అమెజాన్ క్లౌడ్‌కు మారారు. రద్దీ ఉన్నప్పుడు నాలుగు సర్వర్లు ఎక్కువ తీసుకోవడం, తగ్గాక వదిలేయడం! దీనివల్ల ఖర్చు 30 నుంచి 40 శాతం తగ్గిందన్నది ఆ సంస్థ చెప్పిన లెక్క. తర్వాత గూగుల్ క్లౌడ్ సాయంతో, ఏ దారిలో ఎంతమంది సీట్లు వెదికి దొరక్క వెనక్కిపోతున్నారో కూడా ఆరా తీయగలిగారు. ఆ వివరం చేతిలో ఉంటే అదనపు బస్సు ఎక్కడ వేయాలో ఆపరేటరుకు చెప్పడం తేలికే. 2013లో ఐబిబో గ్రూపు రెడ్‌బస్‌ను కొనేసింది.

అయితే కొత్తవలస దుకాణానికి పండగ రద్దీ ఎంతున్నా దాన్ని మోయడానికి సర్వర్ల దండు అక్కర్లేదు. దానికి కావాల్సింది సర్వర్లు కాదు, సిద్ధంగా ఉన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. ఖాళీ ఇల్లు అద్దెకు తీసుకుని సామాన్లన్నీ మనమే సర్దుకోవడం స్టార్టప్‌ల పద్ధతి. దుకాణానికి లాడ్జి గది చాలు. మంచం, ఫ్యాను, దుప్పటి అన్నీ వాళ్లవే, నెలకింతని కట్టేస్తే సరి. కాకపోతే గది ఖాళీ చేసేటప్పుడు మన పెట్టె మనకివ్వాలి. 'మా లెక్కలన్నీ ఎక్సెల్ ఫైలుగా దించుకోవచ్చా? చందా ఆపేస్తే ఎన్నాళ్లు ఉంచుతారు?' అని చేరకముందే అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

స్టార్టప్‌లకు ఇంకో ఉచ్చు ఉంది. మొదట్లో ఉచిత వాడకం పేరుతో కంపెనీలు బాగానే ఊరిస్తాయి. గడువయ్యాక మీటరు తిరుగుతుంది. పరీక్ష కోసం తెరిచిన సర్వర్‌ను ఆపడం మరిచిపోతే, వాడకపోయినా బిల్లు వస్తూనే ఉంటుంది. ఖర్చు ఇంత దాటగానే కబురు పంపమని ముందే అమర్చుకునే వీలుంది. ఆ మీట నొక్కడానికి అయిదు నిమిషాలు చాలు.

చిన్న ఊళ్లలో అసలు ప్రమాదం వీటన్నిటికంటే సాదాసీదాది. ఖాతా తెరిచేది ఎవరు? కంప్యూటర్ బిగించిన కుర్రాడు. ఈమెయిలు అతనిదే, ఓటీపీ వచ్చే ఫోనూ అతనిదే. రెండేళ్లకు అతను ఉద్యోగమొచ్చి హైదరాబాద్ వెళ్లిపోతాడు. తాళంచెవి కూడా అతనితోనే పోతుంది! దుకాణం మనది, బాకీలు మనవి, తలుపు మాత్రం తెరుచుకోదు. ఖాతా యజమాని ఈమెయిలు, యజమాని నంబరుతోనే ఉండాలి. కుర్రాడికి విడిగా పనివాడి లాగిన్ ఇవ్వొచ్చు.

తుపానొస్తే...

ఉత్తరాంధ్రవాళ్లకు 2014 అక్టోబర్ 12 గుర్తుండే ఉంటుంది. హుద్‌హుద్ దెబ్బకు విశాఖ అతలాకుతలమైంది. కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. దుకాణంలోకి నీళ్లొచ్చి కంప్యూటర్ తడిసినా, క్లౌడ్‌లో ఉన్న లెక్కలు భద్రమే. కానీ సెల్‌టవర్ కూలిపోతే వాటిని చూసేదెలా? కాబట్టి ఒక ప్రతి అక్కడ, ఒక ప్రతి ఇక్కడ ఉండాల్సిందే. అద్దె భవనాలు మాత్రం అగ్నికి అతీతమా! 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా కేంద్రం తగలబడింది. వేరే చోట బ్యాకప్ పెట్టుకోని ఖాతాదారులు తమ సమాచారాన్ని శాశ్వతంగా పోగొట్టుకున్నారు. మనదేశంలో కంపెనీగా నమోదైన సంస్థలు ఎలక్ట్రానిక్ లెక్కల బ్యాకప్‌ను ప్రతిరోజూ ఇక్కడి సర్వర్లోనే ఉంచాలని 2022లో నిబంధన తెచ్చారు. సొంత పేరుతో నడిచే దుకాణానికి ఆ నిబంధన వర్తించదు. ఆ అలవాటు చేసుకుంటే మాత్రం కాదనేవారెవరు?

ఇప్పుడు విశాఖ చుట్టుపక్కల డేటా కేంద్రాల ముచ్చటే ముచ్చట. 2025 అక్టోబర్‌లో గూగుల్ సంస్థ అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. అందులో వినిపించిన పేర్లలో ఒకటైన తర్లువాడ కొత్తవలసకు పెద్ద దూరమేమీ కాదు. పక్కనే మేఘం దిగుతోంది కాబట్టి మన లెక్కలు మెరుపులా తెరుచుకుంటాయనుకుంటే మాత్రం పొరపాటే. కొత్తవలసకు ఇలాంటి అనుభవం ఇదివరకే ఉంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి 1960ల్లో కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం వేశారు. దాదాపు 445 కిలోమీటర్ల దారి. జంక్షన్‌గా ఊరికి పేరొచ్చింది, ఖనిజం మాత్రం ఊరు దాటి వెళ్లిపోయింది. ఆ భారీ సర్వర్ల సంగతీ కాస్త అలాంటిదే. దుకాణం వాడే సాఫ్ట్‌వేర్ ముంబయిలో ఉంటే ముంబయి నుంచే వస్తుంది. తర్లువాడలో ఎన్ని దీపాలు వెలిగినా, కొత్తవలసలో ఉదయం షట్టరు ఎత్తగానే బిల్లు తెరుచుకోవాలంటే వీధి చివర స్తంభం మీద వేలాడే ఫైబర్ తీగ తెగకుండా ఉండాలి.